అన్నం పిలుపు

సెప్టెంబర్ 1

బూర మావయ్యకి,

నీ పిచ్చుక రాస్తున్నది. ముందు దెబ్బలాట, తర్వాత కబుర్లు.

ఆర్నెల్లుగా నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. అది మోగి మోగి తనకే విసుగొచ్చి ఆగిపోతోంది. ఉత్తరం రాస్తే మాత్రం వారం తిరక్కుండా జవాబు వస్తుంది. ఫోన్‌కి చెవుడొచ్చిందా, నీకొచ్చిందా అని అమ్మ అడుగుతోంది. చెవుడైతే గట్టిగా అరుస్తాం, చెప్పు.

ఇక అసలు సంగతి. మా లైబ్రరీ మేడమీది హాల్లో అక్టోబర్ పన్నెండు, ఆదివారం, మాజీ సైనికుల సన్మాన సభ. ఊళ్ళో మొత్తం పద్నాలుగు మంది ఉన్నారు. సంఘం అధ్యక్షుడు మీసాలాయనే, నీకు తెలుసుగా, మీ బెటాలియన్‌లో హవల్దారుగా చేసినాయన. లైబ్రేరియన్‌కి పనేముంటుంది, పుస్తకాలు కదలవు కదా అని కార్యక్రమం పనంతా నా నెత్తిన పెట్టారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని అమ్మ అంది. నాన్న పేరు ఆ హాలు గోడ మీద ఉన్నన్నాళ్ళూ నేనూ కందనే అని చెప్పాను.

ఎవరెవరు ఏం చేస్తారో విను. బడి పిల్లల డ్రిల్లు. లేడీస్ టైలరమ్మ పాట. కటింగ్ షాపాయన మిమిక్రీ, ట్యాంకు, హెలికాప్టరు, చివర్న చెడిపోయిన జీపు. ప్రధాన ఉపన్యాసం రిటైరైన హెడ్మాస్టారు. పది నిమిషాలు చాలండీ అంటే, పది నిమిషాలు నాకు గొంతు సవరించుకోవడానికే సరిపోవన్నాడు. ఆయన ఉపన్యాసానికి ముందు గోడ మీది ఏడుగురు అమరవీరుల పేర్లూ నేను చదువుతాను. మూడోది నాన్నది. చదవడం అయ్యాక నువ్వు బూర ఊదాలి. కమిటీకి మాటిచ్చేశాను.

డ్రైవర్ తాత కూడా వస్తాడు. మీ బెటాలియన్ లారీ నడిపినాయన. రెండేళ్ళుగా ఎవర్నీ గుర్తుపట్టడం లేదు. భార్యని చూసి, "ఎవరమ్మా నువ్వు, మీవాళ్ళు ఎదురుచూస్తుంటారు, ఇంటికెళ్ళు" అంటాడట. నోట్లో పెట్టిన ముద్ద నమలమని కూడా ఆవిడే చెప్పాలి. ఆయన్ని తీసుకురావడం ఎందుకని కొందరన్నారు. నేను ఊరుకోలేదు.

నువ్వు మా ఇంట్లో వదిలిపెట్టి వెళ్ళిన బూర దింపి తోమాను. అందులో నా ముక్కు గుమ్మడికాయంత కనపడుతోంది. అంత బాగా తోమాను. రా.

నీ మేనకోడలు,
పిచ్చుక


సెప్టెంబర్ 6

చిరంజీవి పిచ్చుకకి,

మావయ్య దీవెనలు. మీ అమ్మకి నమస్కారం, కాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయో రాయలేదు.

నా చెవులు బాగానే ఉన్నాయి. ఫోనుదే ఏదో తేడా. మనం రాసుకుంటున్నాం కదా, చాలదా.

ఇక్కడ బస్టాండులో పని ఎప్పటిలాగే ఉంది. పోయిన సామాన్ల గదిలో కూర్చుని, పోగొట్టుకున్నవాళ్ళు ఎప్పుడొస్తారా అని చూస్తుంటాను. ఈ నెల గొడుగులు పదకొండు, టిఫిన్ డబ్బాలు ఆరు, ఒక తబలా. రెండోది ఎక్కడుందో పాపం. చేతికర్ర ఒకటి ఫిబ్రవరి నుంచి పడి ఉంది. కర్ర లేకుండా ఆ మనిషి బస్సు దిగి ఎలా నడిచి వెళ్ళాడన్నది నా బుర్రకి అందదు. ఆ కర్ర అంటేనే నాకు మంట. మొన్న గుడ్డలో చుట్టిన పళ్ళసెట్టు వచ్చింది. దాని కోసం మాత్రం గంటలోపే పరుగెత్తుకొచ్చారు.

సభకి నేను రాలేనమ్మా. సెలవు దొరకదు. మోకాలు కూడా మునపటిలా లేదు. పైగా బూర ఊదడం సైకిలు తొక్కడం లాంటిది కాదు, మానేస్తే పోతుంది. ఎవరైనా కుర్రవాణ్ణి చూసుకోండి. నువ్వు పేర్లు చదువు, అదే చాలు. మీ నాన్న పేరు చదివేటప్పుడు తడబడకు. బావకి తడబడేవాళ్ళంటే నవ్వు.

నీ మావయ్య


సెప్టెంబర్ 12

మావయ్యా,

తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు ఉంది నీ ఉత్తరం. సెలవు దొరకదా? పోయిన సామాన్ల గదికి మూడు రోజులు తాళం వేస్తే గొడుగులు అలిగి వెళ్ళిపోతాయా? బూర మోకాలితో ఊదుతారా?

నేనూ అమ్మా కూర్చుని నీ కోపానికి కారణం వెతికాం. నాకు తోచింది మీసాలాయన. సర్వీసులో ఉన్నప్పుడు ఆయన నీకు శిక్ష వేశాడని ఎప్పుడో చెప్పావు. ఆయన్నే అడిగాను. "వాడికి నేను శిక్ష వేయని వారం లేదమ్మా, అన్నీ గుర్తుపెట్టుకుంటే వాడి పెట్టెలో చోటు చాలదు" అన్నాడు. అమ్మకి తోచింది వేరు. పోయినేడు అందరి ముందూ, "వీడు ఉన్న ఊపిరంతా ఆ బూరలోకే ఊదేశాడు, పెళ్ళి చూపుల్లో మాట్లాడటానికి మిగల్లేదు" అంది కదా, దానికి నొచ్చుకున్నావేమోనని రెండు రోజులుగా తిండి సరిగ్గా తినడం లేదు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని నీకు కొత్తగా తెలిసిందా?

ఒక మాట నిజంగా అడుగుతాను. పాతికేళ్ళలో నువ్వు ఈ ఊరికి ఎన్నిసార్లు వచ్చావో లెక్కలేదు. ఒక్కసారి కూడా ఇక్కడ బూర ఊదలేదు. నాన్నకి ఊదిందే ఆఖరు. అడిగినప్పుడల్లా ఏదో ఒక వంక. నా వల్ల ఏమైనా తప్పు జరిగిందా మావయ్యా?

సరే, బలవంతం చెయ్యను. పెళ్ళిళ్ళలో వాయించే బ్యాండాయనతో మాట్లాడాను. బ్యూగిల్ ఎప్పుడూ ముట్టుకోలేదట. "పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం, తెండి ఊదుతాను" అన్నాడు. కానీ మీ మిలటరీ పిలుపులు ఆయనకి ఒక్కటీ రావు. అవైనా రాసి పంపు. ఇది కూడా కాదంటే నేను నిజంగానే ఏడుస్తాను, అమ్మకి చెప్పి ఏడుస్తాను.

నీ
పిచ్చుక


సెప్టెంబర్ 18

పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఎవరి గొడుగు ఎవరికి ఇచ్చానో తెలియదు. నాకు ఎవరి మీదా కోపం లేదు. మీసాలాయన శిక్షలు లేకపోతే నేను ఇంకో పది కిలోలు లావుగా ఉండేవాణ్ణి. అక్క మాటలకి నొచ్చుకోవడం ఎనిమిదో ఏటే మానేశాను. ఆవిణ్ణి కడుపునిండా తినమను. నీ వల్ల తప్పేమిటి? నీ వల్ల ఎప్పుడూ ఏ తప్పూ లేదు. రాయి సామెత ఒకటి రాశావు చూడు, అది చదివి మాత్రం కాస్త నొప్పెట్టింది, ఎందుకో తర్వాత ఎప్పుడైనా చెబుతాను.

బ్యాండాయన మంచి ఆలోచన. గుండె మీంచి బస్తా దించినట్టయింది. ఆయనకి ఈ సంగతులు చెప్పు.

బూరకి మీటలుండవు. ఉన్నవి అయిదే స్వరాలు. అన్నిటికన్నా కింద ఉన్నదాన్ని ఒకటి అంటాను, పైదాన్ని అయిదు అంటాను. మేం కొత్తలో నేర్చుకున్నప్పుడు కాగితం, పెన్సిలు లేవు. ప్రతి పిలుపుకీ మాటలు కట్టుకునేవాళ్ళం. మాట గుర్తుంటే స్వరం గుర్తుంటుంది. మా బెటాలియన్ మాటలు నేనే కట్టాను. వంటవాళ్ళ దగ్గర్నుంచి లారీ డ్రైవర్ల దాకా అందరి నోటా అవే. రెండు కాగితాలు జత చేస్తున్నాను. ప్రతి మాట కిందా అంకె వేశాను.

మొదటిది వీడ్కోలు పిలుపు. "పనైపోయింది, పడుకో సోదరా. కాపలా మాది, పడుకో ఇక." ఒక్కో మాటకీ ఒక్కో ఊపిరి. తొందరపడకూడదు.

రెండోది అన్నం పిలుపు. "పళ్ళెం పట్టుకు పరుగున రారా, ఆలస్యమైతే అడుగంటు కూరా." ఇది తేలిక. పెదాలు సాగడానికి దీంతోనే మొదలుపెట్టమను. ఒకసారి ఊదాక రెండోసారి తిప్పి ఊదాలి. మన ముసలాళ్ళు సరదాపడతారు కూడా.

ఏది ఎప్పుడో నీకు నేను చెప్పనక్కర్లేదు. మీ నాన్నకి ఊదింది నువ్వు పక్కన నిలబడి విన్నదే.

ఇక్కడ ఆ రెండో తబలా దొరికింది. వేరే బస్సులో, వేరే ఊరి నుంచి వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టాను, చూడటానికి బాగుంది.

దీవెనలతో,
మావయ్య


అక్టోబర్ 6

మావయ్యా,

ఆలస్యానికి తిట్టకు. ఇన్ని రోజులూ బ్యాండాయన దొరకలేదు, ఊళ్ళ మీద పెళ్ళిళ్ళు. బూరా, కాగితాలూ ఆయనింట్లో ఇచ్చొచ్చాను, ఊరవతల మైదానంలో సాధన చేస్తున్నానని కబురు పంపాడు. బాగా వచ్చిందట. సభ రోజు తిన్నగా హాలుకే వస్తాడు. నేను ఇంకా వినలేదు, కానీ మనిషి నమ్మకస్తుడు, పెళ్ళికొడుకు రాకపోయినా ఆయన వస్తాడని పేరు.

నీ కాగితాలు చూసినప్పటి సంగతి చెప్పాలి. "అన్నం పిలుపు" అన్న మాట చూడగానే నా చెయ్యి ఆగిపోయింది. నాన్నని తీసుకొచ్చిన రోజు నాకు ఏడేళ్ళు. స్వరం ఒక్క ముక్క గుర్తులేదు. బూర మీద ఎండ పడి కళ్ళు చెదరడం గుర్తుంది. నీ బూట్లు గుర్తున్నాయి. నీ ప్యాంటు పట్టుకు లాగి, ఏం ఊదావు మావయ్యా అని అడిగాను. "మీ నాన్నని అన్నానికి పిలిచానమ్మా" అన్నావు. నేను మర్చిపోయానని అనుకున్నావేమో. ఏది ఎప్పుడో నాకు చెప్పనక్కర్లేదని రాశావు చూడు, నువ్వూ మర్చిపోలేదని అర్థమైంది. చనిపోయిన సైనికుణ్ణి అన్నానికి పిలవడం మీ మిలటరీ ఆనవాయితీ అని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాను. ఎంత మంచి ఆనవాయితీ. ఆ మాటలు చదివి మొదట నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

అందుకని బ్యాండాయనకి స్పష్టంగా రాసిచ్చాను. నేను ఏడు పేర్లూ చదివాక అన్నం పిలుపు, కాస్త నెమ్మదిగా. సభ అయిపోయి అందరి భోజనాలూ అయ్యాక, ఇళ్ళకి వెళ్ళేటప్పుడు వీడ్కోలు పిలుపు. పనైపోయింది, పడుకో అంటే మరి, హెడ్మాస్టారి ఉపన్యాసం విన్న జనానికి కావలసింది అదే కదా.

మీసాలాయన కార్యక్రమం కాగితం చూసి సంతకం పెట్టాడు. అందులో "బూర" అని మాత్రమే రాశాను. ఏది అని ఆయన అడగలేదు.

నువ్వు రాలేకపోయినా, నువ్వు రాసిన మాటలు ఊదుతారు. అదే నాకు పెద్ద తృప్తి.

నీ
పిచ్చుక

తా.క. భోజనాల పళ్ళేలు జనానికి విడిగా, సైనికులకి పదిహేను చెప్పాను, వచ్చేవాళ్ళు పద్నాలుగు మందే అయినా. ముందు నిన్ను కూడా లెక్కేశాను, తీసెయ్యబుద్ధి కాలేదు.


అక్టోబర్ 13, సోమవారం ఉదయం

తల్లీ,

నీ ఉత్తరం శుక్రవారమే వచ్చిందట. నేను మూడు రోజులు సెలవులో ఉన్నాను. ఇవాళ పొద్దున్న గది తాళం తీస్తే గుమ్మం కింద నుంచి లోపలికి తోసి ఉంది. సభ నిన్ననే అయిపోయింది. ఇప్పుడు నేను చేయగలిగింది ఏమీ లేదు. నిలబడి చదివాను, కూర్చుని మళ్ళీ చదివాను.

నేను నీకు అబద్ధం చెప్పాను. ఆ రోజు నేను ఊదింది అన్నం పిలుపు కాదు. వీడ్కోలు పిలుపు. చనిపోయినవాళ్ళకి ఊదేది అదే, ఏ బెటాలియన్‌లోనైనా అదే. అన్నం పిలుపంటే అన్నం పిలుపే, మధ్యాహ్నం వంటశాల దగ్గర ఊదుతారు. నువ్వు ప్యాంటు లాగి అడిగావు. పైకి చూస్తున్నావు. ఆ మొహంలోకి చూసి, మీ నాన్నకి వీడ్కోలు చెప్పానని ఎలా అనను? నోటికొచ్చింది అనేశాను.

ఆ సాయంత్రం నువ్వు మీ నాన్న పళ్ళెం తెచ్చి, పీట వేసి, పక్కన మంచినీళ్ళు పెట్టి కూర్చున్నావు. నేను గుమ్మంలోంచి చూశాను. మర్నాడు మొదటి బస్సుకే వెళ్ళిపోయాను. మూణ్ణెల్లు నువ్వు అలాగే పళ్ళెం పెట్టావని అక్క రాసింది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత ఎన్నో చోట్ల, ఎందరికో ఊదాను. మీ ఊళ్ళో మాత్రం నీ ముందు ఆ బూర పట్టుకోవడానికి చెయ్యి రాలేదు. నీకు స్వరం గుర్తుంటుందనీ, ఏదో ఒకరోజు నన్ను నిలదీస్తావనీ భయపడ్డాను. నీకు గుర్తున్నది స్వరం కాదు, నా అబద్ధం.

ఇప్పుడు ఆ అబద్ధమే నిన్ను నిండు సభలో నవ్వులపాలు చేసి ఉంటుంది. ఏడుగురు చనిపోయినవాళ్ళ పేర్లు చదివి, ఆ వెంటనే పళ్ళెం పట్టుకు పరుగున రారా అని ఊదిస్తే, మీసాలాయన ఏమన్నాడో, ఆ కుటుంబాలవాళ్ళు ఏమనుకున్నారో. అడుసు తొక్కింది నేను, కాళ్ళు కడుక్కోవలసింది నువ్వు.

రెండోది కూడా చెప్పేస్తాను, గోరుచుట్టు మీద రోకటిపోటులా ఉన్నా సరే. మార్చిలో ఆ దిక్కుమాలిన చేతికర్ర కాలికి తగిలి బోర్లా పడ్డాను. ముందు పళ్ళు నాలుగు పోయాయి. పళ్ళు లేకుండా బూర పలకదు. పెదవికి వెనక గోడ ఉండాలి. మాట కూడా ఈలలా వస్తోంది. అందుకే ఫోన్ ఎత్తలేదు. నువ్వు బూర మావయ్యా అని పిలిచినప్పుడు ఇలాంటి గొంతుతో పలకడానికి సిగ్గేసింది. సెలవు దొరకదని నీకు రాసినవాణ్ణి, ఈ మూడు రోజులూ సెలవు పెట్టింది పళ్ళ డాక్టరు కోసం. కొత్తవి కట్టాడు. గట్టిగా నవ్వితే ఊడతాయట. ఇప్పట్లో ఆ ప్రమాదం లేదు.

ఇందాక ఫోన్ తీశాను. నీ నంబరు సగం నొక్కి పెట్టేశాను. ధైర్యం చాల్లేదు. మీసాలాయనకి క్షమాపణ విడిగా రాస్తాను. తప్పు నాదేనని, నీది కాదని రాస్తాను. నువ్వు నన్ను ఏమన్నా పడతాను.

మావయ్య


అక్టోబర్ 13, సోమవారం సాయంత్రం

అబద్ధాల మావయ్యకి,

అవును, తెలిసిపోయింది. నిన్న అమ్మ చెప్పింది. నువ్వు ఇది కూర్చుని చదువు, మధ్యలో ఎవరైనా గొడుగు అడిగితే తర్వాత రమ్మను.

సభ బాగానే మొదలైంది. హాలు నిండిపోయింది. పిల్లల డ్రిల్లులో ఒకడు ఎడమకి బదులు కుడికి తిరిగి, అక్కణ్ణుంచి మరి వెనక్కి తిరగలేదు. కటింగ్ షాపాయన హెలికాప్టరుకి కిటికీ మీది పావురాలు నిజంగానే లేచిపోయాయి. టైలరమ్మ పాడుతుంటే ఒకావిడ మధ్యలో తన జాకెట్టు సంగతి అడిగింది. పద్నాలుగు మందీ ముందు వరసలో కూర్చున్నారు. డ్రైవర్ తాత చొక్కా గుండీలు భార్య సరిచేస్తోంది. ఆయన ఎటో చూస్తున్నాడు.

నేను లేచి ఏడు పేర్లూ చదివాను. తడబడలేదు. నాన్న పేరు దగ్గర నువ్వు చెప్పింది గుర్తొచ్చింది. అందరూ తలలు వంచారు. బ్యాండాయన జరీ అంచుల కోటులో ముందుకొచ్చి బూర ఎత్తాడు.

మొదటిసారి నెమ్మదిగా ఊదాడు, నేను చెప్పినట్టే. మీసాలాయన మాత్రం వంచిన తల వంచినట్టే ఉంచి ఒక కన్ను తెరిచాడు. రెండోసారి తిప్పి ఊదేటప్పటికి బ్యాండాయనకి హుషారొచ్చింది, ఎంతైనా పెళ్ళిళ్ళ చెయ్యి. జోరుగా ఊదేశాడు. అప్పుడు డ్రైవర్ తాత లేచి నిలబడ్డాడు. అరచేతులు రెండూ ప్యాంటుకి తుడుచుకున్నాడు. పక్కాయన భుజం తట్టి, "లేవరా, ఆలస్యమైతే అడుగంటు కూరా" అన్నాడు.

నీ కాగితంలోని మాట ఆయన నోట్లోంచి వచ్చింది. ఇది నిజంగా తిండి పిలుపేననీ, నేను ఏదో ఘోరం చేశాననీ అప్పుడు తెలిసింది. పక్కాయన లేచాడు. ఆ పక్కాయన లేచాడు. ఒకరి తర్వాత ఒకరు, పద్నాలుగు మందీ, ఎవరూ చెప్పకుండానే వరస కట్టి వెనక వరండాలోకి నడిచారు. వంటవాళ్ళు అప్పుడే గిన్నెలు దింపుతున్నారు. హెడ్మాస్టారు చేతిలో ఉపన్యాసం కట్టతో మైకు దగ్గర అలాగే నిలబడిపోయాడు. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. నా పై ప్రాణం పైనే పోయింది. నాన్న పేరు చదివిన నోటితోనే ఈ పని చేశానే అనుకున్నాను.

మీసాలాయన వరసలోంచి బయటికొచ్చి నా దగ్గరికి వచ్చాడు. "ఈ క్రమం ఎవరు వేశారమ్మా?" అన్నాడు. నేనేనండీ, పొరపాటైంది అన్నాను. "ఇరవై ఏళ్ళుగా ఇలాంటి సభల్లో ఆకలితో చస్తున్నాం. పోయినవాళ్ళని తలవంచుకుని తలుచుకోమంటారు, ఆనక ఉపన్యాసాలు, చల్లారాక తిండి. మేం వాళ్ళని తలుచుకునేది పళ్ళెం ముందు కూర్చున్నప్పుడే. ఇన్నాళ్ళకి ఒకళ్ళకి తెలిసింది" అన్నాడు. అని, వెళ్ళి మళ్ళీ వరసలో నిలబడ్డాడు.

మావయ్యా, డ్రైవర్ తాత తన చేత్తో తాను తిన్నాడు. రెండోసారి అడిగి వేయించుకున్నాడు. భార్య వెనక నిలబడి చూస్తోంది. ఆయన తల తిప్పి, "నువ్వు తిన్నావా" అని అడిగాడు. పేరు పెట్టి పిలవలేదు. కానీ ఎవరమ్మా నువ్వు అని అడగలేదు. ఆవిడకి అది చాలు. నాకూ చాలు.

తింటూ ఒక్కొక్కరి గురించీ చెప్పుకున్నారు. ఏడు పేర్లలో ఎవరికి వేళ్ళతో ఈల వేయడం వచ్చు, ఎవరు ఉత్తరం వస్తే చదవకుండా రెండు రోజులు జేబులో దాచుకునేవాడు, అన్నీ. ఆ కుటుంబాలవాళ్ళు కుర్చీలు దగ్గరికి లాక్కుని విన్నారు. హెడ్మాస్టారు కూడా పళ్ళెం పట్టుకుని కూర్చున్నాడు. ఉపన్యాసం కట్ట మీద కూర్చున్నాడని తర్వాత చూశాం.

ఇక అసలు మాట. మీసాలాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగాడు, "ఆ అన్నం పిలుపు మాటలు ఎవరి మీద కట్టినవో తెలుసా?" తెలియదన్నాను. "మీ నాన్న మీద. వాడెప్పుడూ వరసలో చివర్న నిలబడేవాడు. కుర్రాళ్ళందరికీ అందాక నేను తింటాలే అనేవాడు. రోజూ అడుగంటిందే వాడికి దక్కేది. మీ మావయ్యకి అది చూసి ఒళ్ళు మండి, బావని తిడుతూ ఆ పాట కట్టాడు. బెటాలియన్ అంతా మధ్యాహ్నం అయిందంటే మీ నాన్నని కేకేస్తూ అదే పాడేవాళ్ళం" అన్నాడు.

అంటే, నువ్వు ఆ పిలుపు ఎప్పుడు ఊదినా నాన్నని అన్నానికి పిలుస్తున్నట్టే. మరి నాకు చెప్పింది అబద్ధమెలా అయింది? ఆ రోజు ఊదింది అది కాకపోతే పోయింది. నిన్న ఊదారు.

ఇంటికొచ్చాక అమ్మ నువ్వు అన్న మాట, నేను పెట్టిన పళ్ళెం, అన్నీ చెప్పింది. తమ్ముడు దాని గురించే బాధపడుతూ ఈ ఊళ్ళో బూర ముట్టడం లేదని ఆవిడకి నిన్న హాల్లో ఆ పిలుపు విన్నాకే తట్టిందట. పిచ్చి మావయ్యా. ఆ మూణ్ణెల్లూ నాకు గుర్తున్నాయి. నాన్న వస్తాడని నేను పెట్టలేదు. రాడని రెండో రోజుకే తెలిసింది. పిలిచినవాడికి పళ్ళెం పెట్టకపోతే బాగుండదని పెట్టాను. అది పెట్టుకుంటూ పెట్టుకుంటూ నెమ్మదిగా అలవాటుపడ్డాను. నువ్వు ఆ ఒక్క మాట అనకపోతే ఆ మూణ్ణెల్లు నేను ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

భోజనాలయ్యాక బ్యాండాయన నేను రాసిచ్చినట్టే వీడ్కోలు పిలుపు ఊదాడు. పనైపోయింది, పడుకో సోదరా. అప్పుడు అందరూ లేచి నిలబడ్డారు, ఎంగిలి చేతులతోనే. ఎవరూ నవ్వలేదు. ఈసారి స్వరం నాకు గుర్తుంటుంది.

పదిహేనో పళ్ళెం సంగతి అడుగుతావేమో. అమ్మ తీసుకుంది. అందరూ పెట్టించుకున్నాక వరసలో చివర్న వెళ్ళి నిలబడింది. వంటాయన వేడిగా ఇంకో గిన్నె తెస్తానన్నా వద్దని, అడుగు గీరి పెట్టించుకుంది. కిటికీ దగ్గర కూర్చుని మెతుకు మిగల్చకుండా తింది.

నీ
పిచ్చుక


అక్టోబర్ 18

పిచ్చుకా,

నీ ఉత్తరం వచ్చేటప్పటికి కౌంటరు దగ్గర ఒకాయన గొడుగు కోసం నిలబడి ఉన్నాడు. తర్వాత రమ్మనలేదు, ఆయన ముందే విప్పాను. సగం చదివి ఆయనకి రెండు గొడుగులిచ్చాను. నాది ఒకటేనండీ అన్నాడు. ఉంచండి, వానాకాలం అన్నాను. వాన ఎప్పుడో వెళ్ళిపోయింది.

సోమవారం నేను రాసింది ఈపాటికి నీకు చేరి ఉంటుంది. అది చించెయ్యి. వద్దు, ఉంచు, పళ్ళ సంగతి అందులోనే ఉంది. మీసాలాయనకి రాసిన క్షమాపణ ఇంకా డబ్బాలో వెయ్యలేదు, మంచిదైంది. నా చేతిరాతలో క్షమాపణ చూసి ఉంటే ఆయన గుండె ఆగిపోయేది.

ఆ పాట బావ మీద కట్టానన్న మాట నిజం. పాతికేళ్ళుగా నా అబద్ధం ఒక్కటే గుర్తుపెట్టుకుని, ఆ పాట ఎవరిదో మర్చిపోయాను చూడు. ఎవరో పోగొట్టుకున్నవి రోజూ జాగ్రత్త చేస్తుంటాను. నాది మీ హాల్లో ఉండిపోయింది, మీరు దాచి ఇచ్చారు.

అడుగు గీరి పెట్టించుకుందని రాశావు కదా. అక్క అలా ఎందుకు తిందో నాకు తెలుసు. బావ సెలవులో ఇంటికొచ్చినా అదే పని చేసేవాడు. ఆవిడ తిట్టేది. ఆ మాట చదివి నవ్వాను. కొత్త పళ్ళు ఊడలేదు, గట్టిగానే కట్టాడు.

బూర అలాగే తోమి ఉంచు. డాక్టరు ఆర్నెల్లు ఆగమన్నాడు. వచ్చే ఏడు సభకి వస్తాను. పలికితే ఊదుతాను, పలకకపోతే వరసలో నిలబడతాను. ఎలాగైనా చివర్నే నిలబడతాను, అక్కకి ముందే చెప్పు, ఆ చోటు కోసం పోట్లాడొద్దని.

ఆదివారం పదింటికి ఫోన్ చెయ్యి. ఎత్తుతాను. గొంతులో ఇంకా కాస్త ఈల ఉంది. నవ్వాలనిపిస్తే నవ్వు, నేనూ నవ్వుతాను.

నీ
బూర మావయ్య